అమ్మ పేరున అకౌంటు, పిల్లల చేతిలో ఫోను

(రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు స్మృతిలో, రాజంపేట తల్లిదండ్రులను ఉద్దేశించిన స్మారక ఉపన్యాసం)

రేడియో అన్నయ్య అంటే పెద్దవాళ్లకు వేరే పరిచయం అక్కర్లేదు. 1938లో మద్రాసులో రేడియో కేంద్రం మొదలయ్యాక న్యాయపతి రాఘవరావు, ఆయన భార్య కామేశ్వరి పిల్లల కార్యక్రమాన్ని చేపట్టి తెలుగు ఇళ్లన్నిటికీ అన్నయ్య, అక్కయ్య అయ్యారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని, 1945లో 'బాల' పత్రికను మొదలుపెట్టారు. తర్వాత హైదరాబాదు వచ్చాక కూడా వాళ్ల చుట్టూ పిల్లలే. 1984లో రాఘవరావు కన్నుమూశారు.

ఆయన కాలానికి రేడియో కొత్త యంత్రం. ఎక్కడో ఉన్న మనిషి గొంతు ఇంట్లోకి వచ్చి పిల్లలతో మాట్లాడటం అంతకుముందు ఎరగని సంగతి. అయినా తల్లులు పిల్లల్ని రేడియో ముందు కూర్చోబెట్టి నిశ్చింతగా తమ పని తాము చూసుకున్నారు. మాట్లాడేది ఎవరో వాళ్లకు తెలుసు. ఏ రోజు ఏ వేళకు వస్తారో, తప్పు జరిగితే ఎవరిని అడగాలో కూడా తెలుసు. ఇవాళ పిల్లల చేతిలో ఉన్న ఫోన్లో మాట్లాడేవాళ్ల పేరు నిజమో కాదో తెలియదు, వయసు నిజమో కాదో తెలియదు. ఒక వీడియో అయిపోగానే ఇంకో వీడియోను ఎంచి ముందు పెట్టేది మనిషి కూడా కాదు. రేడియో వెనకాల ఉన్న ఆ అన్నయ్య, అక్కయ్య ఈ యంత్రం వెనకాల లేరు. ఆ స్థానంలో ఇప్పుడు ఇంట్లోవాళ్లే కూర్చోవాలి.

ఈ మాట హైదరాబాదులో చెబితే ఒక రకం, రాజంపేటలో చెబితే ఇంకో రకం. రాజంపేట ఉన్న కామారెడ్డి జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. జిల్లా కొత్తదే గానీ గల్ఫ్ వలస ఇక్కడ పాతది. దుబాయ్‌కో, మస్కట్‌కో, సౌదీకో పోయిన తండ్రులు, ఇంటి దగ్గర బీడీలు చుడుతూ పిల్లల్ని సాకుతున్న తల్లులు ఈ ప్రాంతపు ఊళ్లలో కనిపిస్తారు. అలాంటి ఇంట్లో ఫోను విలాసం కాదు. రాత్రి ఎనిమిదింటికి ఐఎంఓలోనో వాట్సాప్‌లోనో కనబడే తండ్రి ముఖం అందులోనే ఉంది. బ్యాంకు మెసేజీ, గ్యాసు ఓటీపీ, బడి గ్రూపులో వచ్చే హోంవర్కు అన్నీ అందులోనే. "ఫోను ఇంట్లో లేకుండా చేయండి" అనే పట్నపు సలహా ఇక్కడ పనికిరాదు. పైగా పిల్లలకు ఫోను అలవాటు చేసింది పెద్దవాళ్లే. కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి, తెలంగాణ సర్కారు బడుల పాఠాలు టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా నడిచాయి. టీవీ లేని ఇంట్లో ఫోనే బడి అయింది. బళ్లు మళ్లీ తెరిచారు కానీ ఫోను మాత్రం పిల్లల చేతిలోనే ఉండిపోయింది.

దేశంలోని పల్లె పిల్లల చదువు మీద వచ్చే 'అసర్' నివేదిక 2024 సర్వేలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని ఫోను గురించి కూడా అడిగింది. 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. సర్వేకు ముందు వారంలో చదువు కోసం దాన్ని ముట్టినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం ముట్టినవాళ్లు 76 శాతం. ఇంతవరకు చాలామంది ఊహించేదే. తల్లిదండ్రులు ఆగి చదవాల్సిన అంకెలు ఆ తర్వాత వస్తాయి. సోషల్ మీడియా వాడే పిల్లల్లో ఒక ఖాతాను బ్లాక్ చేయడమో, దాని మీద ఫిర్యాదు చేయడమో తెలిసినవాళ్లు 62 శాతం. తమ ఖాతాను అందరికీ కనబడకుండా ప్రైవేటుగా పెట్టుకోవడం తెలిసినవాళ్లు 55 శాతం. అంటే దాదాపు సగం మంది పిల్లలకు లోపలికి పోయే దారి తెలుసు, తలుపు వేసుకోవడం తెలియదు.

కంపెనీలు, ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని కాదు. ఇన్‌స్టాగ్రామ్ 2025 ఫిబ్రవరిలో మన దేశంలో టీనేజీ పిల్లలకు వేరే రకం ఖాతాలు తెచ్చింది. అవి మొదటి నుంచీ ప్రైవేటుగా ఉంటాయి. పరిచయం లేనివాళ్లు మెసేజీ పంపలేరు. రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు మోగవు. 16 ఏళ్ల లోపు పిల్లలు ఈ కట్టుబాట్లు సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఆస్ట్రేలియా ఇంకో అడుగు ముందుకేసింది. 16 ఏళ్లు నిండనివాళ్లకు పెద్ద సోషల్ మీడియా వేదికల్లో ఖాతాలే ఉండకూడదన్న చట్టం అక్కడ 2025 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది. మన దేశం 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలనీ, పిల్లల అలవాట్లను వెంటాడి ప్రకటనలు గురిపెట్టకూడదనీ అంటుంది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి.

ఇవన్నీ కావలసినవే. అయితే ఈ ఏర్పాట్లన్నీ ఒక మనిషికి ఒక ఫోను, ఆ మనిషికి ఒక నిజమైన వయసు ఉంటాయన్న లెక్క మీద నిలబడ్డాయి. పల్లెటూరి ఇంట్లో ఆ లెక్క కుదరదు. ఫోను అమ్మది, సిమ్ము నాన్న పేరు మీద, జీమెయిల్ తెరిచింది సెల్లు షాపులో కుర్రాడు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పుట్టినరోజు ఎవరిదో ఎవరికీ గుర్తులేదు, ఫోను పట్టుకున్న చెయ్యి మాత్రం పదకొండేళ్ల పిల్లది. అవతల యంత్రానికి కనబడేది ముప్పయ్యేళ్ల ఆడమనిషి. ఆ వయసుకు తగినవే చూపిస్తుంది, ఆ వయసుకు తగినట్టే కొత్తవాళ్లను పరిచయం చేస్తుంది. తల్లి అనుమతి అడిగే ప్రశ్న కూడా అదే ఫోనుకు వస్తుంది, 'అవును' అని నొక్కేదీ అదే చిన్న వేలు. ఏ చట్టమూ చూడలేని ఈ సంగతిని ఒక పూట కూర్చుని ఇంట్లోనే సరిచేయవచ్చు. పిల్లలు వాడే ఖాతాకు పిల్లల అసలు పుట్టిన తేదీ పెట్టాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంకో యూజర్‌ను చేర్చుకునే వీలుంది. అలా చేరిస్తే తల్లి ఫొటోలు, మెసేజీలు, బ్యాంకు యాప్‌లు పిల్లల వైపు కనబడవు. పిల్లలకు విడిగా ఫోను ఉంటే గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ ఉచితంగానే దొరుకుతుంది. ఏ యాప్ ఎక్కించాలన్నా తల్లి ఫోనుకు అనుమతి అడుగుతూ మెసేజీ వచ్చేలా పెట్టుకోవచ్చు.

డబ్బు సంగతి తొందరగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే దానికి మందు తేలిక. 2022లో హైదరాబాదు అంబర్‌పేటలో 16 ఏళ్ల కుర్రాడు తాత ఫోన్లో ఫ్రీ ఫైర్ ఆట ఎక్కించుకున్నాడు. మొదట చిన్న మొత్తాలు, తర్వాత పెద్దవి. తల్లి బ్యాంకుకు పోయి చూసుకునేసరికి 36 లక్షల రూపాయలు కరిగిపోయాయి. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. ఆటలో తుపాకులు, దుస్తులు కొనడం ఈ నిషేధం కిందికి రాదు. అందుకే యూపీఐ పిన్ను పిల్లలకు చెప్పకపోవడం, ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవడం తల్లిదండ్రుల పని. "అమ్మా, నేనే ఫోన్‌పే కొడతా" అని కొడుకు అన్నప్పుడు తల్లికి ముచ్చటగానే ఉంటుంది. కొట్టనివ్వండి, పిన్ను మాత్రం మీరే వేయండి.

పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. అంతకన్నా పెద్ద ప్రమాదం గురించి తల్లిదండ్రులు బయటికి మాట్లాడుకోరు. అది నడిచే తీరు ఎక్కడైనా ఇంచుమించు ఒక్కటే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రిక్వెస్టు వస్తుంది. ఫొటోలో తన వయసు పిల్లే, పిల్లవాడే. మన బడి పిల్లలు నలుగురు అప్పటికే ఆ ఖాతాకు ఫ్రెండ్స్, కాబట్టి అనుమానం రాదు. కొన్నాళ్లు మంచి మాటలు. అమ్మ తిట్టిందంటే ఓదార్పు, మార్కులు తగ్గాయంటే ధైర్యం. తర్వాత "ఇక్కడ వద్దు, టెలిగ్రామ్‌లోకి రా" అంటారు. అటునుంచి ముందు ఒక ఫొటో వస్తుంది, ఇటునుంచి ఒకటి అడుగుతారు. అది చేతిలో పడ్డాక గొంతు మారిపోతుంది. డబ్బు పంపు, లేదా ఇంకో ఫొటో పంపు, లేకపోతే మీ నాన్నకు, మీ సార్లకు పంపిస్తా అంటారు. ఫ్రెండ్స్ పేర్లన్నీ స్క్రీన్‌షాట్ తీసి చూపిస్తారు.

2022 మార్చిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 17 ఏళ్ల కుర్రాడికి జరిగింది ఇదే. ఆడపిల్ల పేరుతో మాట్లాడినవాళ్లు నైజీరియాలోని లాగోస్‌లో కూర్చున్న అన్నదమ్ములు. మొదటి మెసేజీ వచ్చిన కొన్ని గంటల్లోనే, తెల్లవారకముందే, ఆ పిల్లవాడు ప్రాణం తీసుకున్నాడు. తల్లిదండ్రులు అదే ఇంట్లో ఉన్నారు. ఆ అన్నదమ్ములను అమెరికాకు రప్పించి 2024 సెప్టెంబర్‌లో ఒక్కొక్కరికి పదిహేడున్నర ఏళ్ల జైలు శిక్ష వేశారు. మగపిల్లలకు ఇలాంటివి జరగవని నమ్మే తండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పక్క గదిలో అమ్మానాన్నలు ఉండగా పిల్లలు ఎందుకు చెప్పరు? ఈ ఉపన్యాసం ముఖ్యంగా అడిగేది ఈ ఒక్క ప్రశ్నే. బెదిరించేవాడి చేతిలో ఉన్న అసలు ఆయుధం ఫొటో కాదు, ఇంట్లోవాళ్ల కోపం మీద పిల్లలకున్న భయం. చెబితే మొదట వినబడేది "అసలు నువ్వెందుకు పంపినవ్?" అన్న మాట. తర్వాత దెబ్బలు. తర్వాత ఫోను గుంజుకోవడం. ఆడపిల్లయితే బడి మాన్పించడం, సంబంధాలు చూడటం. ఈ వరస అంతా పిల్లలకు ముందే తెలుసు, వేరే ఇళ్లలో చూశారు. అవతలివాడికీ తెలుసు, అందుకే "మీ ఇంట్ల చెప్త" అని బెదిరిస్తాడు. ఇంట్లో ముందే తెలిసిపోయిన రోజున ఆ బెదిరింపులో పస ఉండదు.

కాబట్టి తల్లిదండ్రులు పిల్లలకు మాట ఇవ్వాల్సింది ఏమీ జరగకముందే. "ఫోన్ల ఎవ్వడన్న బెదిరిస్తే, సిగ్గైన పని ఏదన్న జరిగితే, తప్పు నీదైనా సరే, నాకు చెప్పు. కొట్టను. ఫోను గుంజుకోను" అని మామూలు రోజున, అన్నం తినేటప్పుడు చెప్పాలి. గల్ఫ్‌లో ఉన్న తండ్రి వీడియో కాల్‌లో చెబితే ఆ మాటకు ఇంకా బలం వస్తుంది. ఎందుకంటే చాలా ఇళ్లలో "మీ నాయినకు చెప్త" అన్నదే తల్లి చేతిలోని పెద్ద బెదిరింపు. మాట ఇచ్చినంత మాత్రాన సరిపోదు, నిలబెట్టుకోవాలి. బిడ్డ వచ్చి చెప్పిన నాడు తల్లికి కోపం వస్తుంది, భయం వేస్తుంది, ఏడుపు వస్తుంది. ఆ మొదటి ఐదు నిమిషాలు ఆపుకోవాలి. "చెప్పి మంచి పని చేసినవ్, ఇగ నేను చూసుకుంట" అనగలిగితే సగం ఆపద అక్కడే తీరుతుంది. పిల్లలు బాగా కుంగిపోయినట్టు కనిపిస్తే 14416కు ఫోను చేయవచ్చు. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో మాట్లాడతారు.

ఆ తర్వాత చేయాల్సిన పనులు అందరికీ తెలిసి ఉండాలి. డబ్బు పంపకూడదు, ఒకసారి పంపితే మళ్లీ మళ్లీ అడుగుతారు. చాటింగును చెరిపేయకూడదు, అదే సాక్ష్యం. అవతలి ఖాతా పేరు, లింకు, మెసేజీలు, డబ్బు అడిగిన నంబరు స్క్రీన్‌షాట్లు తీసి ఆ తర్వాతే బ్లాక్ చేయాలి. బిడ్డ ఫొటోను "చూడన్నా, ఎట్ల చేసిండో" అంటూ బాబాయికో, సర్పంచికో పంపడం పొరపాటున కూడా జరగకూడదు. పిల్లల లైంగిక చిత్రాలను ఒకరి నుంచి ఒకరికి పంపడం పోక్సో చట్టం, ఐటీ చట్టం కింద నేరం. పంచే ఉద్దేశంతో దాచుకోవడమూ నేరమే. వాటిని దగ్గర పెట్టుకోవడం, చూడటం గురించి సుప్రీంకోర్టు 2024 సెప్టెంబర్ 23న గట్టి తీర్పు ఇచ్చింది. ఫోను తీసుకుని నేరుగా పోలీసుల దగ్గరికి పోవాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. పిల్లల విషయమైతే 1098 హెల్ప్‌లైన్ ఉంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగిన నేరాలకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. 'టేక్ ఇట్ డౌన్' అనే సేవ 2023 నుంచి నడుస్తోంది. ఫొటో మన ఫోను దాటి పోకుండానే దానికి ఒక గుర్తు తయారుచేసి, ఆ గుర్తు ఉన్న బొమ్మను ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి వేదికలు పట్టుకుని తొలగించేలా చేస్తుంది.

"ఆడపిల్లను తీసుకుని ఠాణా మెట్లు ఎక్కాలా?" అన్న భయం దగ్గర చాలా ఫిర్యాదులు ఆగిపోతాయి. 2012 పోక్సో చట్టం ఈ భయాన్ని ముందే ఊహించింది. పిల్లల వాంగ్మూలం వాళ్ల ఇంట్లోనో, వాళ్లు కోరిన చోటనో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారే తీసుకోవాలి. యూనిఫాంలో రాకూడదు. పిల్లల్ని రాత్రిపూట ఏ కారణానా స్టేషన్లో ఉంచకూడదు. వాళ్ల పేరు, ఊరు, బడి పత్రికల్లో రాకూడదు. ఇవి పోలీసుల దయ మీద ఆధారపడినవి కావు, అడిగి తీసుకోవాల్సిన హక్కులు.

తల్లిదండ్రులే తెలియక తెరిచే తలుపు ఇంకొకటి ఉంది. 2024 జూలైలో ఒక తండ్రి తన చిన్నారి కూతురితో ఆడుకుంటున్న వీడియో మీద ఒక తెలుగు యూట్యూబర్, అతని మిత్రులు లైవ్‌లో కూర్చుని అసహ్యమైన వ్యాఖ్యలు చేశారు. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని ఎక్స్‌లో బయటపెట్టి ప్రభుత్వాన్ని కదిలించారు. పిల్లల వీడియోలు సోషల్ మీడియాలో పెట్టొద్దని తల్లిదండ్రులను వేడుకున్నారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి, కొద్ది రోజుల్లోనే ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేసింది. తప్పంతా ఆ వ్యాఖ్యలు చేసినవాళ్లదే, అందులో సందేహం లేదు. అయినా ఆ పాప వీడియో లోకానికంతా కనబడే చోట ఉన్నందుకే అలాంటివాళ్ల చేతికి చిక్కింది. ఓణీల ఫంక్షన్, పుట్టినరోజు, బతుకమ్మ ఆట వీడియోలు నాన్నకు చూపించాలంటే నాన్నకే పంపవచ్చు. యూనిఫాం మీద బడి పేరు కనబడేలా, రోజూ ఏ ఆటోలో పోతుందో తెలిసేలా రీల్ పెట్టాల్సిన అవసరం లేదు. అందరికీ కనబడే ముఖాన్ని మార్చి వాడుకునేవాళ్లూ ఉన్నారు. 2023 నవంబర్‌లో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొకరి ఒంటికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. ఢిల్లీ పోలీసులు ఆ కేసులో పట్టుకున్నది గుంటూరుకు చెందిన ఒక ఇంజనీరును. తన ఫ్యాన్ పేజీకి ఫాలోయర్లు పెరగాలని చేశాడట. అలాంటి పనికి పెద్ద ల్యాబు అవసరం లేదు. ఒక ముఖం, ఒక ఫోను చాలు.

ఈ సంగతి మగపిల్లల తల్లిదండ్రులకు ఎక్కువగా చెప్పాలి. తోటి విద్యార్థిని ఫొటోను మార్చి గ్రూపులో పెట్టేది, "జోక్ చేసినం" అనేది కూడా ఎవరో ఒకరి ఇంటి పిల్లవాడే. అతనికి పద్నాలుగేళ్లయినా బాల నేరస్థుల న్యాయ మండలి ముందు నిలబడాల్సి వస్తుంది. కూతుర్ని జాగ్రత్తగా ఉండమని చెప్పే చాలా ఇళ్లలో కొడుక్కి ఏం చేయకూడదో చెప్పడం లేదు. 14 నుంచి 18 ఏళ్లవాళ్ల మీద 'అసర్' 2023లో చేసిన సర్వేలో ఫోను వాడే మగపిల్లల్లో సొంత ఫోను ఉన్నవాళ్లు దాదాపు 44 శాతం, ఆడపిల్లల్లో 20 శాతం. ఏదైనా జరిగితే ఆ 20 శాతం చేతుల్లోంచే ముందు ఫోను పోతుంది. ఇది రక్షణ కాదు. తప్పు చేసినవాణ్ణి వదిలి, దెబ్బ తిన్న పిల్లకు వేసే శిక్ష. ఆ శిక్ష భయమే రేపు ఇంకో పిల్ల నోరు మూయిస్తుంది.

బడుల్లో కొంత పని జరిగింది. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ కలిసి 2021లో 'సైబర్ కాంగ్రెస్' పేరుతో 33 జిల్లాల్లో 1,650 ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లల్నే సైబర్ అంబాసిడర్లుగా తయారుచేసే కార్యక్రమం నడిపాయి. మంచి ఆలోచన, ఎందుకంటే పిల్లలు పిల్లల మాట వింటారు. అయితే పిల్లలు బడిలో నేర్చుకుని ఇంటికి వచ్చేసరికి, ఇంట్లో ఆ మాట అందుకునేవాళ్లు ఉండాలి. పాఠం తల్లుల దాకా రావాలి.

అందుకు కొత్తగా సభలు పెట్టనక్కర్లేదు. మహిళా సంఘాలు ఎలాగూ కూర్చుంటాయి, పొదుపు లెక్కలు చూసుకుంటాయి. 2024 నుంచి ప్రతి సర్కారు బడిలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంది. ఊరి దగ్గర్లో రైతు వేదిక ఉంది. రాజంపేట మండలంలోని సంఘాల అక్కచెల్లెళ్లకు విన్నపం ఒకటే. వచ్చే మీటింగులో పొదుపు పద్దు అయ్యాక ఒక అరగంట ఫోన్లు బయటికి తీయండి. ఇంటర్ చదివే పిల్లల్ని ఇద్దరిని పిలిచి, ఖాతా ప్రైవేటు చేయడం, బ్లాక్ చేయడం, ప్లే స్టోర్‌కు పాస్‌వర్డ్ పెట్టడం వాళ్ల చేతనే నేర్చుకోండి. 1930, 1098 నంబర్లు అందరి ఫోన్లలో సేవ్ చేయించండి. ఆ రాత్రి దుబాయ్ నుంచి ఫోను వచ్చినప్పుడు, పిల్లలు పక్కనుండగానే, "బిడ్డ ఏది చెప్పినా కొట్టం, ఫోను గుంజుకోం" అని తండ్రి చేత కూడా ఒకసారి అనిపించండి.